క్యాబేజీని కూరగానే అమ్ముదాం, మందుగా కాదు

"బ్రోకలీ, క్యాబేజీ తింటే కీళ్ళవాపులు పోతాయి, మాత్రలు మానేయొచ్చు" అని మనలో కొందరు ప్రచారం చేస్తున్నారు. ఇది తప్పండి.

1992లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు బ్రోకలీలోంచి సల్ఫోరాఫేన్ వేరుచేశారు. అది వాపును రేపే సంకేతాలను అణచడం ల్యాబుల్లో కనిపించింది. అంతమాత్రాన కూర మాత్ర అయిపోదు.

పైగా ముక్క కోస్తేనే, లోపలి ఎంజైమ్ కలిసి సల్ఫోరాఫేన్ తయారవుతుంది. బాగా ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. పచ్చి ఆవపొడిలో కూడా ఆ ఎంజైమ్ ఉంది. అందుకే పొయ్యి మీంచి దించాక ఆవ పెట్టిన కూర చేసుకోమని చెప్పండి, చాలు.

చేలోనూ ఆవాలే మనకు దిక్కు. 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు ఎర పంటగా వేస్తే డైమండ్ రెక్కల పురుగు అటు పోతుంది. మందు కొట్టకుండా పండించామన్నది మనం చూపించగలిగిన నిజం. దాన్నే చెప్పి అమ్ముదాం. ఎర పంట వేసే పద్ధతి కింది వీడియోలో చూడండి.