కొల్లేటికి ఐదో కాంటూరే హద్దు

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి దూరిన బుడమేరు వాగు నీరు రోజుల తరబడి కదల్లేదు. మేడల మీదికెక్కిన జనం మంచినీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం పడవల దారి చూశారు. ఆ తర్వాత చర్చంతా గండ్ల చుట్టూ, కట్టల ఎత్తు చుట్టూ తిరిగింది. ఆ నీరు చివరికి చేరాల్సిన చోటు ఏ స్థితిలో ఉందని అడిగినవారు తక్కువ. బుడమేరు గమ్యం కొల్లేరు. ఆ సరస్సును చంపుకుంటూ నగరాన్ని కాపాడుకోవడం జరిగే పని కాదు. కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలనే ఆలోచనకు ప్రభుత్వం శాశ్వతంగా స్వస్తి చెప్పాలి.

ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు లెక్కిస్తే కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. మూడడుగుల దగ్గర గీత గీస్తే మిగిలేది 135. భారీ వరదల్లో పదో కాంటూరు దాకా, అంటే 901 చదరపు కిలోమీటర్ల మేర నీరు పరుచుకునే నేల ఇది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది ఈ మొత్తం విస్తీర్ణమే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఒక్కసారి విరుచుకుపడితే ఆ నీటిని తనలో పట్టి, ఉప్పుటేరు గుండా నిదానంగా సముద్రానికి వదలడం కొల్లేరు యుగాలుగా చేస్తున్న పని. సరస్సులో చేపల చెరువుకు గట్టు వేసిన ప్రతిచోటా వరదకు అంత జాగా తగ్గుతుంది. నీటి మట్టం పెరుగుతుంది, ఎగువకు ఎగదన్నుతుంది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నిలబడి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఖానాలకు అడ్డంపడిన గుర్రపుడెక్క, కిక్కిస వల్ల బయటికి పోవాల్సిన నీరు వెనక్కు తంతుంది. సరస్సులోని లంక గ్రామాల రోడ్లు మునుగుతాయి.

మళ్లింపు కాలువ ఉంది కదా అనే వాదన ఒకటుంది. వెలగలేరు దగ్గర బుడమేరును కృష్ణలోకి తిప్పే ఆ కాలువ మంచి ఏర్పాటే, కానీ కృష్ణ శాంతంగా ఉన్నంతవరకే. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. నిండుగా పొంగే నది పిల్ల కాలువ నీటిని లోపలికి రానివ్వదు. రెండూ ఒకేసారి పొంగే రోజున నీటికి కొల్లేటి దారే దిక్కు. ఆ పాత దారి మీద ఇళ్లు లేచాయి, ప్లాట్లు పడ్డాయి. దాన్ని తిరిగి తెరవాల్సిందే. అక్కడి పేదలకు ముందు మరోచోట ఇళ్లు కట్టించి, ఆ తర్వాతే యంత్రాలు దింపాలి.

వరద గురించి మాట్లాడి వేసవిని మరవడం మనకు అలవాటైంది. కొల్లేటికి వానాకాలంలో జాగా ఎంత అవసరమో, ఎండాకాలంలో మంచినీరు అంతే అవసరం. మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్ని వస్తుంది. కొర్రమీను, మార్పు, వాలుగ బతికే నీరు చెడుతుంది. ఆటపాక పక్షి కేంద్రంలో గూళ్లు కట్టుకునే గూడబాతులకు మేత కరువవుతుంది. నీళ్ల నడుమ బతికే లంక జనం తాగునీరు బయటినుంచి తెచ్చుకుంటున్నారు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది? 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి నీరు ఈ బుడమేరు మళ్లింపు కాలువ మీదుగానే కృష్ణకు పోతోంది. అందులో కొంత కొల్లేటి వాటాగా ఏటా వదలాలి. ఎంత, ఏ నెలలో అన్నది శాస్త్రవేత్తలు తేల్చాలి. అయితే ఆ వాటా అధికారుల దయమీద ఆధారపడకుండా, ఆయకట్టుకిచ్చినట్టే జలవనరుల శాఖ నీటి ప్రణాళికలో రాసి ఉండాలి. నగర మురుగు, చెరువుల వ్యర్థాలు ఆ నీటిలో కలిస్తే మాత్రం ఈ ఏర్పాటుకు అర్థముండదు.

1970ల్లో మత్స్యకార సంఘాలకిచ్చిన చెరువులు క్రమంగా లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతికి పోయాయి. 2006లో గట్లు పగలగొట్టారు. అవి మళ్లీ లేచాయి. 2008లో అన్ని పార్టీలూ కలిసి కుదింపు కోరుతూ శాసనసభలో తీర్మానం చేశాయి. ఐదో కాంటూరును తగ్గించవద్దని 2011లో కేంద్ర పర్యావరణ శాఖ వేసిన అజీజ్ కమిటీ చెప్పినా కుదింపు కోరిక చావలేదు. ఆ కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న రైతుల బాధ న్యాయమైనదే. వారికి పరిహారమిచ్చి భూమి తీసుకోవడం ప్రభుత్వ బాధ్యత, దాన్ని ఏళ్ల తరబడి నానబెట్టడం అన్యాయం. కానీ వారి పేరు చెప్పుకుని వందల ఎకరాల చెరువులు నడిపేవారి కోసం సరస్సును కోయడానికి ఒప్పుకోలేం. వలే ఆధారంగా బతికే వడ్డీ మత్స్యకారులకు కావాల్సింది గట్టు లేని నీరు, అందులో వేటాడే హక్కు.

వచ్చే తొలకరికల్లా ఐదో కాంటూరు వెంట హద్దురాళ్లు పాతాలి, పట్టా రైతుల పరిహారానికి బడ్జెట్‌లో సొమ్ము చూపాలి, ఉప్పుటేరు పూడిక తీయాలి. కుదింపు ప్రతిపాదనను వెనక్కు తీసుకుంటున్నట్టు శాసనసభే తీర్మానించాలి.