ఉద్దెర దర్జా

కళాశాలలు తెఱచు దినములు సమీపించినవని తెలిసికొనుటకు నిజామాబాదు పట్టణమున పంచాంగముతో పనిలేదు. బస్సులు నిలుచు చోటినుండి గాంధీ చౌకువైపు నడచిన చాలును. సెల్‌ఫోనుల దుకాణముల ముందు రంగుగుడ్డల పందిళ్లు లేచును. "సున్నా వడ్డీ" యనియు, "నేడు ఒక్క రూపాయియు చెల్లింప నక్కఱలేదు" అనియు తలుపంతలేసి యక్షరములు వ్రేలాడుచుండును. లోపల బల్లయొద్ద పదునెనిమిది పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు కూర్చుండి యుండును. వాని వెనుక తల్లి నిలువబడి యుండును. రెండవ కుర్చీ లేక కాదు. ఆ చల్లని గాజుగదిలో కూర్చుండుటకు ఆమెకు జంకు. బోధనుదిక్కు గ్రామమునుండి ఆధారుకార్డును, బ్యాంకు పుస్తకమును సంచిలో పెట్టుకొని ప్రొద్దుటి బస్సునకు వచ్చినది. ఆమె చేతివ్రేళ్లను చూచినవారు ఆమె వృత్తి యేమని అడుగ నక్కఱలేదు. తునికాకు కత్తిరించి, పొగాకు నించి, దారము చుట్టి చుట్టి ఆ వ్రేళ్ల కొనలు కాయలు కాచినవి.

ఈ దృశ్యమును మేము ఏటేట చూచుచున్నాము. చూచి ఊరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మా చదువరులలో విద్యార్థులును గలరు, వారి తలిదండ్రులును గలరు. ఉభయులకును కొంత కోపము వచ్చునని మేమెఱుగుదుము.

విద్యార్థి తన సొమ్ము తాను ఖర్చుపెట్టుకొనుచున్నాడు, ఇతరులకేమి యను మాట తఱచుగా వినబడుచున్నది. ఈ మాట మన ప్రాంతమున ముమ్మాటికిని అబద్ధము. సంపాదన లేనివానికి ఖర్చనునది వేఱుగా లేదు. వానికొఱకై యింకొకరు పడు శ్రమ మాత్రమే కలదు. అక్కఱలేని వస్తువొకటి విద్యార్థి చేతికి వచ్చినదనగా, ఆ యింటిలో ఇంకెవరికో అక్కఱ గలిగిన వస్తువొకటి పోయినదన్న మాట. ఎవరికి పోయినదని విచారించినచో తఱచుగా ఆ యింటి ఆడువారికే పోయియుండును.

లెక్క చూతము. బీడీలు చుట్టు స్త్రీకి వేయి బీడీలకు ముట్టు కూలి మూడువందల రూపాయలలోపే. వేయి బీడీలనగా చేయి తిరిగిన మనిషికైనను సూర్యోదయమునుండి దీపములు పెట్టువఱకు తల యెత్తక చేయవలసిన పని. పలువురకు అంతయు సాగదు. పోనీ నెలకు ముప్పది దినములును పని దొరకునా యన్నచో, కంపెనీలవారు అన్ని దినములు ఆకు ఈయరు. నెలకు రెండువేల రూపాయల వాయిదాతో కుమారుడు ఫోను కొన్నాడనుకొనుడు. ఆఱువేల అయిదువందల బీడీలకు తక్కువగాక ఆ తల్లి వానికొఱకై చుట్టవలెను. ఎనిమిది, తొమ్మిది దినములు ఆమె మెడ వంచుకొని కూర్చుండిన కష్టమంతయు ఒక్క వాయిదాకు సరి. అటువంటి వాయిదాలు పండ్రెండు. ఆ యింట అదివఱకే యొక ఫోనున్నది; దానితో పాఠము వినవచ్చును, మాటలాడవచ్చును. క్రొత్తదానిలో విశేషమేమనగా, దాని వెనుకప్రక్కను కన్నులవలె మూడు గాజుబిళ్లలుండును!

ఇక ఆ సున్నా వడ్డీ సంగతి. వడ్డీ లేక అప్పిచ్చు ధర్మాత్ములు గాంధీ చౌకులో మాత్రము వెలసిరా? ఉదాహరణకు, నగదు చెల్లించువానికి ఇరువదిరెండువేల అయిదువందలకు ఇచ్చు వస్తువునే వాయిదాలవానికి ఇరువదినాలుగువేలకు ఇచ్చి, కాగితముల ఖర్చని అయిదువందలు ముందుగా పుచ్చుకొందురు. అసలు నెలనెల తగ్గుచుండుటను గణించి చూచినచో, ఆ సున్నా సంవత్సరమునకు నూటికి పదునాఱు, పదునేడు రూపాయల వడ్డీయై తేలును. ఇది మా ఊహ మాత్రమే కాదు. సున్నా వడ్డీ యనునది వాస్తవముగా లేదనియు, వడ్డీయే వేఱు పేరుతో వసూలగుచున్నదనియు భారత రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించినది. పేరులు మాఱినవి, పందిళ్లు మాత్రము తొలగలేదు.

బోధను వారికి ఈ విద్య క్రొత్త గాదు. దీనిని వారు ఉద్దెర యందురు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో చెఱకు పండినది. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆసియా ఖండమునకెల్ల పెద్ద కర్మాగారమని ఒకప్పుడు పేరు వడసినది. చెఱకు బిల్లు వచ్చినప్పుడు ఇత్తుమని రైతులును, జీతము వచ్చినప్పుడు ఇత్తుమని కార్మికులును దుకాణములలో సరకు తెచ్చుకొను అలవాటు దానితోపాటే పెరిగినది. నగదుకొక ధర, ఉద్దెరకొక ధర. కొన్నవానికి ఈ సంగతి తెలియదనుకొనకుడు. తెలిసియు కొనును, ఏలయనగా వచ్చు నెల జీతము సూర్యోదయమంత నిశ్చయమని వాని నమ్మకము. 2002లో కర్మాగారపు వాటాలలో అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. జీతములు నిలిచినవి; ఖాతాపుస్తకములలోని బాకీలు మాత్రము నిలువలేదు. ఆ దినములలో బోధనులో నగలు కుదువపెట్టిన యిండ్లవారికి మేమీ సంగతి వివరింప నక్కఱలేదు.

దుబాయికో మస్కటుకో పోయిన తండ్రి పంపు డబ్బును నమ్ముకొని వాయిదాలు వ్రాయించుకొను ఇండ్లును మన జిల్లాలో కోకొల్లలు. 2020లో మహమ్మారి వచ్చి, అచ్చట పనులు పోయి, ఎందఱో వట్టిచేతులతో తిరిగి వచ్చిరి. ఆ యేటి చివరనే, ఫోనులలో నిమిషములమీద అప్పులిచ్చు మాయదారి వ్యాపారులు బాకీదారుల బంధువులకందఱకును నిందావార్తలు పంపి వేధింపగా తెలంగాణమున కొందఱు ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పలువురను నిర్బంధించిరి. అటుపిమ్మట 2022లో రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులకు కట్టుబాట్లు చేసినది. మొత్తము వడ్డీ యెంతయో ఏడాది లెక్కన ముందుగా చెప్పి తీరవలెను. కాని చెప్పినది వినుటకైనను కొనువాడు నిలువవలెను గదా! కుఱ్ఱవాని చూపు పెట్టెమీద నుండును. తల్లికి ఆ కాగితము చదువరాదు.

ఫోనొక్కటియే దోషి యని మేమనుట లేదు. అది కంటికి కనబడు పెద్ద వస్తువు, అంతే. క్రొత్త విద్యార్థుల స్వాగతోత్సవమునకు ఒక్కపూట తొడుగుటకు కోటు. స్నేహితుని జన్మదినమునకు ముఖమునకు పూయుటకే గాని తినుటకు గాని కేకు. అసలు పేరును ఒక అక్షరము మార్చి అచ్చొత్తిన బూట్లు, వాటికి అసలు వాటిలో సగము వెల. పరీక్షకు పది దినములముందు కొని పరీక్ష మఱునాడు పాతకాగితములవానికి తూచి యిచ్చు గైడులు. తామే చేయవలసిన ప్రాజెక్టును అట్టకట్టి సిద్ధముగా అమ్ము దుకాణములును వెలసినవి. డబ్బిచ్చి తెలివి తక్కువను కొనుక్కొనుట యిదియే.

చదువుకొనుటకు చోటు కూడ ఇప్పుడు అంగటి సరకైనది. నెలకింత యని కట్టి, చెక్కల గూటిలో ఒక కుర్చీ అద్దెకు తీసికొని చదువుచున్నారు. మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయములకని చేరుచున్నది. జిల్లా గ్రంథాలయమున్నది. అందు ఉద్యోగ పరీక్షలవారి రద్దీ మిక్కుటమని మాకు తెలియును. పొద్దెక్కిన పిదప పోయినచో కుర్చీ దొరకుట కష్టమే. కాని కుర్చీలు చాలవని పదిమంది కలిసి గ్రంథాలయ సంస్థకు ఒక్క అర్జీ పెట్టినవారిని మేమింతవఱకు చూడలేదు. అద్దె కట్టుట అర్జీ వ్రాయుటకంటె సులభముగా నున్నది కాబోలు.

మా వాదమునకు మూడు నాలుగు ఆక్షేపణలు వినబడుచున్నవి. ఫోను లేక చదువెట్లని యొకరందురు. నిజమే, 2020లో తరగతి గదులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినప్పుడు, ఫోను లేని బిడ్డ చదువు లేని బిడ్డయే యయ్యెను. మొదటి ఫోను పలకవంటిది. దానిని మేము తప్పుపట్టము. పలక పగులకుండగనే రెండవ పలక యేల యని మాత్రమే మా ప్రశ్న. ప్రాయమున అనుభవింపక ముసలితనమున అనుభవింతురా యని యింకొకరందురు. స్నేహము, ఆటలు, నిజాంసాగరు కట్టమీద సాయంకాలము, రాత్రి తెల్లవారులు వాదోపవాదములు: ఇవి ప్రాయపు సుఖములు. వీనిలో దేనికిని వాయిదాలు లేవు.

మూడవ ఆక్షేపణ బలమైనది. "పొదుపు సంగతి పేదవానికే చెప్పెదరేల? ధనవంతుని కుమారుడు మోటారుబండిపై వచ్చుచుండగా ఊరకుందురు, బీడీకార్మికురాలి కుమారుడు ఒక చొక్కా తొడిగినచో నీతులు చెప్పెదరు" అందురు. ఈ మాటకు మేము తల వంచుచున్నాము. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదని నక్కను నవ్వుట మనకు వాడుక; పులిని ఎవరును ఏమియు అనరు. కావున కలిగినవారికే ముందుగా చెప్పుచున్నాము. అయ్యా, మీ కుమారుని కోటు మీకు భారము గాదు. కాని ఆ కోటుతో వాడు తరగతిలో నిలువబడినప్పుడు, అది తక్కిన అఱువదిమందికి కొలబద్దయగుచున్నది. అధ్యాపకులకును మా మనవి యొకటి కలదు. ఉత్సవములకు తలకింత యని వసూలు చేయుట, ఒకే రంగు చీరలు, ఒకే రంగు చొక్కాలు కొనితీరవలెనని విద్యార్థి నాయకులు శాసించుట మీ కన్నులముందే జరుగుచున్నది. ఈయలేనివాడు ఆ దినము జ్వరమని ఇంటనుండును. హాజరుపట్టీలో ఆ జ్వరములను లెక్కపెట్టి చూడుడు.

ఇప్పుడు ఆడుబిడ్డల సంగతి. 2023 డిసెంబరు 9వ తేదినుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. బోధనునుండి నిజామాబాదు కళాశాలకు వచ్చు బాలికకు దారిఖర్చు తప్పినది. ఆ మిగులు యెవరి చేతికి పోయినదని మాకు తెలిసిన నాలుగిండ్లలో అడిగితిమి. ఒక యింట బియ్యమునకు పోయినది, మంచిదే. రెండిండ్లలో అన్నదమ్ముల ఫోను వాయిదాలో కలిసినది. ఒక్క యింట మాత్రము ఆ బిడ్డ పేరనే దాచుచున్నారు. చదువునకు డబ్బు చాలనప్పుడు ఎవరి చదువు ఆగునో మన యిండ్లలో వేఱుగా చెప్పవలెనా? ఫీజులు ప్రభుత్వమే చెల్లించు పథకము 2008లో వచ్చినది; అది ఎందఱకో మేలు చేసినది. కాని ప్రభుత్వము చెల్లింపవలసిన బకాయిలు పేరుకొన్న యేండ్లలో, ఫీజు కట్టినగాని ధ్రువపత్రములీయమని నిలిపిన యాజమాన్యములున్నవి. అప్పుడు ఇంట ఇరువదివేలుండినచో పత్రములు చేతికి వచ్చును, పై చదువునకు గడువు దాటకుండును. లేకున్నచో కుమారునికొఱకు అప్పు తెత్తురు. కుమార్తెకొఱకు పెండ్లి సంబంధము తెత్తురు.

తలిదండ్రులు సంతోషింప నక్కఱలేదు. పిల్లలకు ఈ దర్జా నేర్పినవారము మనమే. చెవులు కుట్టించిన నాడు పందిరి, బిడ్డ ఎదిగిన నాడు చీరల వేడుక, వీథి చివర మన ముఖములతో ఫ్లెక్సీ, తెల్లవారులు గుండెలదరు పాటల పెట్టెలు: అన్నియు అప్పులే. మా యింటి పాత లెక్కల పుస్తకమును మొన్న తీసి చూచితిమి. ఒక పండ్రెండేండ్లనాటి వేడుకకై తెచ్చిన అప్పునకు కట్టిన వడ్డీ, ఆ నడుమ మేము కొన్న పుస్తకముల వెలకు నాలుగు రెట్లున్నది. సంస్కారము గూర్చి వ్యాసములు వ్రాయువారి యింటి సంగతియే యిది!

శక్కర్‌నగరు సమీపమున మేమెఱిగిన యొక కుటుంబము కలదు. తల్లికి చదువు రాదు. ఆమె బీడీల లెక్క పెద్దకుమార్తె వ్రాసిపెట్టును. ఆమె డిగ్రీ ముగించి బీ.ఎడ్. చదువగోరి, డబ్బు లేక, ఏడాదిగా తల్లి ప్రక్కనే చాట ముందు కూర్చున్నది. తమ్ముడు నిజామాబాదులో రెండవయేడు చదువుచున్నాడు. ఫోను వాయిదాలమీదనే కొన్నాడు. ఆమె వానినేమియు అనలేదు. లెక్కల పుస్తకమున ఎడమపుటను తల్లి చుట్టిన వేలు, కుడిపుటను తమ్ముని వాయిదాలు తేదీలతో వ్రాయ మొదలుపెట్టినది. సెలవులకు వచ్చిన తమ్ముడు దేనికొఱకో వెదకుచు ఆ పుస్తకమును తెఱచి చూచినాడు. ఆనాడు వాడును ఏమియు అనలేదు. ఈ యేటి స్వాగతోత్సవమునకు మాత్రము కోటు కుట్టించుకొనక ఇంటినుండి తీసికొనిపోయిన చొక్కాతోనే పోయి నిలువబడినాడని వాని స్నేహితుడు మాకు చెప్పినాడు. వాయిదాలు ఇంకను అయిదున్నవి. అవి తీఱిన పిదప ఆ రెండువేలు నెలనెల అక్క ఫీజునకని తల్లి యనుచున్నది. గడువునకు అది చాలునో చాలదో ఆ పిల్ల వేళ్లమీద లెక్కించుచున్నది.