ఉద్యోగం వచ్చింది, ఊరట రాలేదు



ఆటిజం అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తుకు వస్తారు. 2008 నుండి ఏటా ఏప్రిల్ 2న జరుపుకునే ప్రపంచ ఆటిజం అవగాహన దినం పోస్టర్లలోనూ ఎక్కువగా పిల్లల బొమ్మలే కనబడతాయి. కాని ఆ పిల్లలు పెద్దవారవుతారు. చదువుకుంటారు, ఉద్యోగాలకు వెళ్తారు. ఆటిజం జ్వరంలా వచ్చిపోయేది కాదు. అది పుట్టుకతో ఏర్పడిన మెదడు తీరు. వయసు వచ్చినంత మాత్రాన పోదు.

కేసరపల్లిలో కంప్యూటర్ ముందు కూర్చునే ఇంజనీరు, ఆటోనగర్ షెడ్డులో లెక్కలు రాసే కుర్రవాడు, బడిలో పాఠం చెప్పే టీచరమ్మ, వీరిలో ఎవరికైనా ఆటిజం ఉండవచ్చు. పని శ్రద్ధగా చేస్తారు. కాని సాయంత్రం ఇంటికి రాగానే గది తలుపు వేసుకుంటారు. పలకరిస్తే చిరాకు పడతారు. ఆదివారం రాత్రి అయ్యేసరికి అన్నం సహించదు. కడుపునొప్పి, తలనొప్పి, నిద్రలేమి. గ్యాస్ మాత్రలు ఎన్ని మింగినా గుణం కనబడదు. “నెల తిరిగేసరికి జీతం వస్తోంది, వీడికి ఏం తక్కువండీ?” అని తల్లిదండ్రులు అడుగుతారు. జీతం అందినంత మాత్రాన కష్టం తీరినట్టు కాదని మా అభిప్రాయం.

అలసట ఎక్కడి నుండి వస్తుంది?

చాలామందిని అలసిపోయేలా చేసేది పని కాదు, పని చుట్టూ ఉండేవి. ట్యూబులైటు మిణుకు, ఒకేసారి నలుగురి మాటలు, ఆగని ఫోన్లు మనం పట్టించుకోము. వారికి అవి చెవిలో సూదుల్లా ఉంటాయి. “కాస్త చూసి చెయ్యి” అంటే ఏం చూడాలో, ఎంత చెయ్యాలో వారికి బోధపడదు. ముందుగా చెప్పకుండా షిఫ్టు మారిస్తే ఆ రోజంతా తలక్రిందులవుతుంది.

వీటన్నిటికన్నా బరువైనది నటన. కళ్లలోకి చూడాలి, జోకుకు సమయానికి నవ్వాలి, చేతులు ఆడించకూడదు. అందరిలాగా కనబడాలని రోజుకు ఎనిమిది గంటలు తమను తాము బిగపట్టుకుంటారు. ఇలా నెలలు, ఏళ్లు గడిచేసరికి లోపలి బలం ఆరిపోతుంది. మాట తగ్గిపోతుంది. నిన్నటిదాకా చేసిన పని ఈ రోజు చేతకాదు. దీనిని ఆటిజం బర్నవుట్ అంటున్నారు. ఇది సోమరితనం కాదు. దిగులు, ఆందోళన వీరిలో ఎక్కువ. చనిపోవాలన్న ఆలోచనలు కూడా ఇతరులలో కన్నా ఎక్కువగా కలుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. గనుక దీనిని తేలికగా తీసుకోరాదు.

ఇంతకాలం ఎందుకు తెలియలేదు?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంతో పూర్తి గుర్తింపు వచ్చింది. అందుచేత ఈ రోజు ముప్పై, నలభై ఏళ్ల వయసున్నవారు చాలామంది ఏ పరీక్షా లేకుండానే పెరిగారు. వారికి దక్కినవి “మొండివాడు”, “గర్విష్ఠి” అనే పేర్లే. ఆడపిల్లల విషయంలో “సిగ్గరి” అని సరిపెట్టారు. “పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది” అన్న సలహా మనలో చాలామంది విన్నదే, బహుశా ఇచ్చినదే. పెళ్లి వైద్యం కాదు. ఆ సలహా వలన ఇద్దరి జీవితాలు చిక్కులో పడతాయి.

2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి ఒక శాతం రిజర్వేషన్ ఉంది. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఉద్యోగం చేసుకుంటున్న వారిలో అనేకులకు అంత శాతం రాకపోవచ్చు. వారికి రిజర్వేషన్ కన్నా అవసరమైనది చిన్న చిన్న సర్దుబాట్లు.

ఖర్చు లేని మేలు

పని కాగితం మీద రాసి ఇవ్వండి. మార్పులు ఒక రోజు ముందే చెప్పండి. గోడ పక్కన నిశ్శబ్దంగా ఉండే సీటు ఇవ్వండి. మధ్యాహ్నం ఒంటరిగా తింటానంటే తిననివ్వండి. వీటికి పైసా ఖర్చు కాదు. “ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు” అని యజమానులు అనవచ్చు. కళ్లజోడు ఒకరు పెట్టుకున్నారని చూపు బాగున్నవారు అడగరు కదా! పైగా పని స్పష్టంగా రాసి ఇస్తే మిగతావారికీ మేలే. శాప్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2013లో ఆటిజం ఉన్నవారి కోసం ప్రపంచవ్యాప్తంగా ఒక కార్యక్రమం ప్రకటించింది. అంతకు ముందే దానిని మన దేశంలో బెంగళూరులో ప్రయత్నించి చూసింది. బెంగళూరులో చేయగలిగినది గన్నవరంలో చేయలేమా?

ఇంట్లోవారికి ఒక మాట. సాయంత్రం ఒక గంట పలకరించకుండా వదిలేయండి. అది అలక కాదు, విశ్రాంతి. బిడ్డ అనుమతి లేకుండా అతని సంగతి ఆఫీసులోనూ, బంధువులలోనూ చెప్పకండి. నిద్ర, ఆకలి, మాట రెండు వారాలకు పైగా తగ్గితే మానసిక వైద్యుని వద్దకు తీసుకురండి. చనిపోవాలన్న మాట వినబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మనమూ దిద్దుకోవాలి

సంఘంలో కొందరు దీనిని విశ్వాసలోపం అంటున్నారు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదవండి. ఏలీయా అలసి, చావు కోరుకొని బదరీవృక్షం క్రింద పడుకున్నాడు. దేవుడు గద్దించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తరువాతే ప్రయాణం. చివరకు గాలిలో కాదు, భూకంపంలో కాదు, అగ్నిలో కాదు, మెల్లని స్వరంలో పలికాడు. మన ఆరాధనలలో లౌడ్‌స్పీకరు మోతకు తాళలేక వెనుక వరుస నుండి లేచిపోయే యువకుని భక్తిని మనం శంకించామా? మా ఆస్పత్రి వరండాలో టోకెన్లు అరచి పిలిచే పద్ధతి కూడా అలాంటిదే. మేమూ దానిని మార్చుకోవాలి.

దేవుడు ఇచ్చిన బిడ్డను అందరిలా మార్చమని కాక, అతనిలా బ్రతకనిమ్మని ప్రార్థిద్దాం. సోమవారం ఉదయం అతడు భయపడకుండా పనికి వెళ్లేలా చూద్దాం.