తనిఖీ గుమ్మమున మన నగలు



మొన్న వేసవిలో మా పిన్నితోగూడ నేను చేసిన దూరప్రయాణమును గూర్చి వ్రాయుదునని లోగడ మాట యిచ్చితిని. ఆ మాట నిప్పుడు చెల్లించుకొనుచున్నాను.

మా పిన్ని సికిందరాబాదున మారేడుపల్లిలో నుండును. వయస్సు 71. ఆమె యొక్కగా నొక్క కూతురు అమెరికాలో నున్నది, నెలలు నిండినవి, దగ్గర మనవారన్నవారు లేరు. పిన్ని ఆవకాయ కలిపినది, పాత నూలుచీరలు చించి పొత్తిగుడ్డలు కుట్టినది, పెట్టెలు కట్టినది. తీరా నాలుగు దినములలో ప్రయాణమనగా పొరుగింటి యిల్లాలొకతె వచ్చి, “విమానాశ్రయములో పుస్తెలతాడు తీయించి తట్టలో వేయింతురట!” అని చెప్పి చల్లగా వెడలిపోయినది. ఇంకేమున్నది? నేను వెళ్లునప్పటికి పిన్ని పెట్టె తాళములు తీసి బట్టలు మరల బీరువాలో పెట్టుచుండెను.

“మీ బాబాయి కట్టిన నాటినుంచి ఇది మెడ దిగలేదే, అమ్మాయీ. పిల్ల పురుటికి పోతూ దీన్ని తీసి ప్లాస్టిక్ తట్టలో పెట్టనా? నేను రాను.”

నే నామె మాటను చాదస్తమని త్రోసివేయలేకపోయితిని. ఏలయన, కొన్ని యేండ్లక్రిందట నాకే అట్టి యనుభవము కలిగినది. ఒకానొక విదేశపు విమానాశ్రయమున నొక యుద్యోగిని నోరైన మెదపక, వ్రేలితో నా మెడను చూపి, తరువాత తట్టను చూపినది. వెనుక వరుస నిలిచియున్నది. సిగ్గుచేత గొలుసు, గాజులు, ఉంగరము గబగబ తీసి తట్టలో పడవైచితిని. ఆవల వానిని ఏరుకొనునప్పుడు మా అత్తగారిచ్చిన జతగాజులలో నొకటి కానరాలేదు. విమానమునకు వేళయైనందున వెదకుటకైన వ్యవధి లేదు. మిగిలిన గాజు నేటికిని పెట్టెలో నొంటరిగా నున్నది. ఆనాడు నోరు విడిచి అడిగియున్నచో వేరుగ పరీక్షించి యుందురని తరువాత తెలిసినది.

విమానములు మన యూరివారికి క్రొత్తవి కావు. శంషాబాదు తెరువబడిన 2008 మార్చి వరకును ప్రయాణపు విమానములు బేగంపేటలోనే దిగెడివి. డెక్కన్ ఎయిర్‌వేస్ వారి విమానములు స్వాతంత్ర్యమునకు పూర్వమే అచ్చటనుండి యెగిరినవి. ఇంత గట్టి తనిఖీ మాత్రము తరువాతిది. 1999 డిసెంబరులో ఖాట్మండునుండి ఢిల్లీకి రావలసిన మన విమానమును కాందహారునకు మరలించుకొనిపోయిరి గదా! అటుపిమ్మట 2000 సంవత్సరమున జయపురముతో నారంభించి, విమానాశ్రయముల కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమునకు క్రమముగా నప్పగించిరి.

మన దేశమున స్త్రీలను స్త్రీలే తనిఖీ చేయుదురు; అదియు తెర కట్టిన చిన్న గదిలో. మొదట మనము దాటు గుమ్మపు చట్టములో తీగచుట్టలున్నవి. వానిలో విద్యుత్తు క్షణక్షణమును పారి అయస్కాంతశక్తిని పుట్టించును. ఆ శక్తి సోకిన లోహములో సన్నని విద్యుత్ప్రవాహములు లేచును. వానిని పసిగట్టి గుమ్మము కూయును. అయస్కాంతమున కంటుకొనదు గనుక బంగారము కూయదని మనలో కొందరి నమ్మకము. అది పొరపాటు. బంగారము, వెండి, రాగి, అన్నియు కూయును. మట్టిగాజులు కూయవు. నల్లపూసలు కూయవు గాని వానిని గ్రుచ్చిన బంగారు తీగ కూయవచ్చును. ముక్కుపుడక వంటి చిన్న వస్తువును గుమ్మము తరచు పట్టించుకొనదు. కూసినంత మాత్రమున నేరము లేదు. తెర చాటున ఆ యుద్యోగిని చేతియంత్రమును ఒంటిచుట్టు త్రిప్పి, అది మ్రోగిన చోట తడిమి, ఉన్నది నగయే యని నిశ్చయించుకొని పంపివేయును. పుస్తెలు మెడలో నుండగనే యీ పని జరిగిపోవును. గుండెకు యంత్రము అమర్చబడినవారు మాత్రము ముందుగనే ఆ సంగతి చెప్పి, చీటి చూపి, చేతితో పరీక్షింపుమని కోరవలెను.

అమెరికాలో పద్ధతి వేరు. అచ్చట చేతులెత్తి నిలువవలసిన యంత్రము మిల్లీమీటరు తరంగములతో పనిచేయును. దానికి లోహమే కానక్కరలేదు. ఒంటికిని బట్టకును నడుమ నేది మందముగా నున్నను గుర్తు పెట్టును. మన చీరకుచ్చిళ్లు దోపిన చోటు దానికెట్లు కనబడునో మీరే యూహించుకొనుడు! 2010 డిసెంబరులో, అమెరికాలో మన రాయబారిగా నున్న శ్రీమతి మీరా శంకరుగారిని మిసిసిపీ రాష్ట్రపు జాక్సను విమానాశ్రయమున ప్రక్కకు పిలిచి తడిమి చూచిరి. తాను రాయబారినని చెప్పినను వినరైరి. ఆమె చీర కట్టుకొనుటయే కారణమని పత్రికలు వ్రాసినవి. మన ప్రభుత్వము ఆక్షేపించినది. పద్ధతి ప్రకారమే చేసితిమని వారనిరి. వదులు దుస్తులను తడిమి చూచుట వారి నియమమైన, కానిండు. కాని ఆ పని యందరు చూచుచుండగా జరుగుటయే నాకు కష్టముగా తోచుచున్నది. స్త్రీ యుద్యోగినియే తనిఖీ చేయవలెననియు, వేరు గదిలో, మనవారొకరు తోడుండగా చేయవలెననియు కోరు హక్కు అచ్చట ప్రయాణికులకు గలదు. ఈ సంగతి మన పెద్దవారికి ముందుగా చెప్పి పంపుడు.

ఈ తంటా మన కొక్కరికే కాదు. స్కాట్లాండు దేశపు పురుషులు కుచ్చిళ్ల పావడవంటి కిల్టు కట్టుదురు. నడుమునకు ముందు గొలుసుతో తోలుసంచి, మేజోడులో నొక చిన్న కత్తి. ఆ వేషముతో గుమ్మము దాటిన కూయక మానునా? ఆ కత్తిని సామానుపెట్టెలో వేసి పంపవలసినదే. మన సిక్కు సోదరులకు మాత్రము దేశములోపలి విమానములలో కృపాణము ధరింప ననుమతి గలదు. దాని యలుగు 15.24, మొత్తము పొడవు 22.86 సెంటిమీటర్లు మించరాదు.

ఇంతయు విని పిన్ని మరల పెట్టె కట్టినది. వడ్డాణము, పెద్దహారము బ్యాంకు లాకరుకు పోయినవి. వెంట నుంచుకొన్న నగలను సుంకపు అధికారులకు చూపి ధ్రువపత్రము తీసికొంటిమి. లేనిచో తిరిగి వచ్చునప్పుడు అవి యిచ్చటినుండి పోయినవేయని నిరూపించుట కష్టము. గాజులను రుమాలులో మూటగట్టి, వరుసలో నిలువకముందే చేతిసంచి యడుగున పెట్టించితిని. తట్టలో విడిగా నేదియు వేయలేదు. చీరకు పదకొండు పిన్నీసులు పెట్టుట ఆమె యలవాటు. బ్రతిమాలగా రెంటికి దిగినది.

సికిందరాబాదునుండి పుష్పక్ బస్సులో శంషాబాదు చేరితిమి. పిన్ని గుమ్మము దాటగనే అది కూసినది. తెర చాటునకు పోయినది. నేను బయట నిలిచి చెవి యొగ్గితిని.

“పుస్తెలా, మామ్మగారూ? ఉండనివ్వండి. కొంగు కాస్త పక్కకి తీయండి, చాలు. మరి ఈ మోకాలేమిటి?”

“మోకాలు మార్చారమ్మా. లోపల లోహమేనట. ఇదిగో డాక్టరు చీటీ. నీకు పెళ్లయిందా, తల్లీ?”

ఒక క్షణము నిశ్శబ్దము. తరువాత నవ్వు వినబడినది.

“అయిందండి. నావీ యూనిఫారం లోపలే ఉన్నాయి.”

పిన్ని వెలుపలికి వచ్చునప్పటికి ముఖమున దిగులు లేదు. కాని కథ యంతటితో ముగియలేదు. ఆవకాయ జాడీని పెద్దపెట్టెలో వేయించితిని గాని, బాలెంతకని ఆమె నాకు చెప్పక చేతిసంచిలో దాచిన ఎండుకొబ్బరి చిప్పలు బయటపడినవి. ఎండుకొబ్బరిలో నూనె మెండు, సులభముగా నంటుకొనును గనుక దానిని విమానములోనికి రానీయరు. 2024-25లో శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయకు కొన్ని మాసములు సడలింపు నిచ్చిరి. పిన్ని ఇరుముడి కట్టలేదు గదా! చిప్పలు డబ్బాలోనికి పోయినవి.

అమెరికాలో విమానము మారునప్పుడు మరల తనిఖీ జరిగినది. వేరు గది కావలెనని నేనడిగితిని. నన్నును తోడు రానిచ్చిరి. ఒక పెద్దావిడ తొడుగులు వేసికొన్న చేతులతో తడిమి, అరచేతులకు చిన్న గుడ్డముక్క రాచి పరీక్షించి, పుస్తెలజోలికి రాకయే పంపివేసినది. మేము చేరిన ఆరవనాడు పిల్ల ప్రసవమైనది, ఆడపిల్ల. తల్లియు బిడ్డయు క్షేమము. పిన్ని ఇంకను అచ్చటనే యున్నది. టెలిఫోనులో మాటాడినప్పుడెల్ల మనుమరాలి ముచ్చట్లు ముగించి, అచ్చటి కొట్టులో కొన్న ఎండుకొబ్బరి చప్పగా నున్నదనియు, మన చిప్పలను అన్యాయముగా పారవేసిరనియు చెప్పుచున్నది.