బీరువాల్లో బతుకులు

మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఇంటి పన్ను, నీటి పన్ను, వీధి దీపాల పన్ను వరుసలో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పడే పద్దు అది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున పుస్తకాల పేరు చెప్పి మన దగ్గర వసూలు చేస్తారు. పెంకుటింటి ముసలమ్మ దగ్గరా తీసుకుంటారు, నాలుగంతస్తుల మేడ ఉన్నాయన దగ్గరా తీసుకుంటారు. ఆలస్యమైతే ఎవరినీ వదిలిపెట్టరు.

ఆ డబ్బు మున్సిపాలిటీది కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడం వరకే దాని పని. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా బకాయిలు పేరుకుపోతున్నాయి. గ్రంథాలయ సంస్థలు ఉత్తరాలు రాస్తూనే ఉంటాయి, పేపర్లలో వార్తలు వస్తూనే ఉంటాయి. కమిషనర్లు "చూస్తాం" అంటారు. రోడ్ల బిల్లులకు తొందర, కరెంటు బిల్లుకు తొందర, కార్పొరేటర్ల విజ్ఞాన యాత్రలకూ తొందరే. పుస్తకాల డబ్బు మాత్రం ఎప్పుడిచ్చినా ఫరవాలేదు, ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. ఇది నిర్లక్ష్యం అనే మాటతో సరిపెట్టుకునే విషయం కాదు. పేదల పేరున వసూలు చేసిన సొమ్ముకు ఎసరు పెట్టడం.

ఈ డబ్బు రాక ఆగిపోయిన పుస్తకాలు ఎవరివో తెలిస్తే కోపం ఇంకా పెరుగుతుంది.

మా వీధిలో ఒకామె ఉంది. మొగుడు వదిలేసి వెళ్లాడు. పొద్దున రెండిళ్లలో వంట, మధ్యాహ్నం కుట్టు మిషను. ముప్పై అయిదో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షకు కట్టింది. "ఈ వయసుల నాకెందుకన్నా ఈ చదువు, అందరు నవ్వుతున్రు" అని ఓసారి బాధపడితే, కొండపల్లి కోటేశ్వరమ్మ గారి గురించి చెప్పాను. పామర్రులో పుట్టిన పిల్ల. నాలుగైదేళ్లకే పెళ్లి చేశారు, ఊహ తెలిసేలోపే వితంతువన్నారు. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, అజ్ఞాతవాసం. ఒంటి మీది నగలు తీసి పార్టీకి ఇచ్చేశారు. ఆ పైన భర్త విడిచి వెళ్లాడు. ముప్పై దాటిన ఆడమనిషి, ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి చిన్నపిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టలుకు మేట్రన్‌గా పనిచేసి తన అన్నం తాను తిన్నారు. కొడుకును ఉద్యమం తీసుకుపోయింది. కూతురు తన ప్రాణం తానే తీసుకుంది. ఇంత మోసిన మనిషి 2012లో, తొంభై దాటాక, 'నిర్జన వారధి' అనే ఆత్మకథను లోకం ముందు పెట్టారు. 2018లో, నూరేళ్లు నిండాక వెళ్లిపోయారు.

ఆ పుస్తకం కోసం మా వీధి ఆమె మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లింది. "ఆ బీరువ తాళం చెవి సార్ దగ్గరుంటదమ్మా, సారుకు రెండు లైబ్రరీల ఇన్‌చార్జి, ఇయ్యాల ఆడున్నడు" అన్నాడు అక్కడి అటెండరు. మరోరోజు వెళ్లింది, అదే జవాబు. కూలి పోగొట్టుకుని వెళ్లిందని గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఆమెతో నేనూ వెళ్లాను. అద్దాల బీరువాలో, రెండో అరలో, పుస్తకం కనబడుతూనే ఉంది. అద్దం మీద వేలు పెట్టి "గదేనా అన్నా?" అని అడిగింది. అదే. తాళం తీయించేసరికి సాయంత్రమైంది. పుస్తకం అంచుల్లో చెదలు పట్టిన గీతలు. లోపల అతికించిన తేదీల చీటీ మీద ఆఖరి ముద్ర 2016ది. అంతకు ముందు ముద్రలు రెండే రెండు.

ఇన్‌చార్జి లైబ్రేరియన్‌ను నేను ఏమీ అనలేదు. ఒక మనిషికి రెండేసి, మూడేసి గ్రంథాలయాలు అప్పజెప్పి, పుస్తకం పోతే జీతంలో కోత పెడతామంటే ఎవడైనా తాళమే వేస్తాడు. ఖాళీలు నింపనిది ఆయన కాదు.

ఆమె ఆ పుస్తకాన్ని రాత్రిళ్లు చదివింది. తిరిగి ఇస్తూ ఒక మాట అంది: "తొంభై ఏండ్లు దాటినంక రాసిందట గదన్నా. నేను ముప్పై అయిదుకే అంత అయిపాయె అనుకున్న." కాసేపాగి, ఇట్లాంటివి ఇంకేమున్నాయని అడిగింది.

నన్ను నిలవనీయకుండా చేస్తున్నది ఆ ప్రశ్నే. ఎందుకంటే ఇట్లాంటివి ఎన్నో ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని వాళ్ల నోటి నుంచే విని స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' ఉంది. రైల్వేలో చిన్న కొలువు చేస్తూ పిల్లల్ని చదివించుకున్న ఒక దళిత తండ్రి కథ, 'మా నాయన బాలయ్య' ఉంది. గోగు శ్యామల కూర్చిన దళిత స్త్రీల సంకలనం 'నల్లపొద్దు' ఉంది. బానిసగా అమ్ముడుపోయిన ఒక ఆఫ్రికా మనిషి వంశం కథ, సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' ఉంది. మన పల్లెల్లో ఎంతమంది అది చదివి తమ తాతల గురించి ఆలోచించడం మొదలుపెట్టారో, ఆ తరం వాళ్లను కదిపితే చెబుతారు. ఇవేవీ ఆ గ్రంథాలయంలో లేవు. ఉన్నదేదో చెదలకు, లేనిదేదో కమిషనరు గారి దయకు.

"పుస్తకాలు చదివితే ఏమొస్తుంది?" అని అడిగే పెద్దమనుషులకు మల్లు స్వరాజ్యం పేరు చెబుతాను. భూస్వాముల ఇంట పుట్టిన ఆ పిల్ల పదేళ్ల వయసులో గోర్కీ 'అమ్మ' చదివి కదిలిపోయింది. వెట్టి చేయొద్దని ఆంధ్ర మహాసభ పిలుపిస్తే, ఇంట్లో వాళ్లు వద్దన్నా వినకుండా కూలీలకు బియ్యం పంచింది. తర్వాత తుపాకి పట్టింది. ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. చివరిదాకా జనంలోనే ఉండి, 2022లో కన్నుమూశారు. ఎక్కడి రష్యా, ఎక్కడి కర్విరాల కొత్తగూడెం? ఎవరో ఒకరు ఆ పుస్తకం తెలుగు చేస్తే, ఎవరో ఒకరు ఆ ఇంటిదాకా చేరిస్తే, ఒక పిల్ల చేతుల్లో పడింది. ఆ చేరవేత తెగిపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి పెద్ద మేధావులు అక్కర్లేదు.

ఆ చేరవేత కోసం చెప్పులరిగేలా తిరిగిన వాళ్లున్నారు మనకు. వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్లల్లో వంటపని, హోటల్లో సర్వరు పని చేస్తూ అక్షరాలు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేయించి, ఆ మూట తానే మోసుకుంటూ తిరిగి అమ్మాడు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి, గ్రంథాలయం పెట్టినా అనుమానమే. ఆంధ్ర ప్రాంతంలో పాతూరి నాగభూషణం 1935లో ఏకంగా పడవలో గ్రంథాలయం నడిపారు. కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ వెంట పోయే జనానికి ప్రయాణంలో చదువుకోవడానికి పుస్తకాలు. ఆ రోజుల్లో వాళ్లకు సెస్సు లేదు, చట్టం లేదు, జీవోలు లేవు. మనకు ఇవన్నీ ఉన్నాయి. పుస్తకమే చేతికి రాదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన 'మాలపల్లి'ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ పుస్తకం జనంలోకి పోతే ఏమవుతుందోనని దొరలు భయపడ్డారు. ఇప్పటి ప్రభుత్వాలకు ఆ భయం కూడా లేదు. పుస్తకం ఉన్నా లేకున్నా వాళ్లకు ఒకటే. నాకు ఆ నిషేధం కన్నా ఈ పట్టనితనమే ఎక్కువ అవమానంగా ఉంది.

గ్రంథాలయాలు నిండుగా ఉన్నాయి కదా అంటారు. నిండుగానే ఉన్నాయి. వరండాలో, చెట్టు కింద, మెట్ల మీద కూడా కుర్రాళ్లు గ్రూప్ పరీక్షలకు చదువుతున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీ, ఇంటి నుంచి తెచ్చుకున్న గైడు, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా. పాపం, వాళ్లకు మంచినీళ్లూ మరుగుదొడ్డీ కూడా దిక్కులేదు, అది ఇంకో అన్యాయం. కొలువు కోసం చదివే పిల్లల్ని నేను తప్పుపట్టను. కానీ ఆ నిండుదనం చూపించి, గ్రంథాలయాలు బ్రహ్మాండంగా నడుస్తున్నాయని చెప్పుకునే వాళ్లను తప్పుపడతాను. ఆ పిల్లలు వాడుకుంటున్నది నీడ, ఫ్యాను. అక్కడి పుస్తకం కాదు. పదిసార్లు నోటిఫికేషన్ వాయిదా పడి, ఊళ్లో ముఖం చూపించలేక కుమిలిపోతున్న కుర్రాడికి కోటేశ్వరమ్మ గారి జీవితం కన్నా ధైర్యం చెప్పే గైడు ఏముంది? ఆ పుస్తకం అతనికి పదడుగుల దూరంలో, తాళం వెనక ఉంది.

"అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, ఇంకా గ్రంథాలయాలెందుకు" అని ఒక ప్రజాప్రతినిధి నా ముందే అన్నాడు. మా వీధి ఆమె దగ్గర ఉన్నది ఒక్క ఫోను. అది పొద్దంతా కొడుకు చేతిలో ఉంటుంది, రాత్రికి చార్జింగులో ఉంటుంది. ఆమెకు అందులో పుస్తకం ఎక్కడ వెతకాలో తెలియదు, వెతికినా అన్నీ దొరకవు. కొనమంటారా? ఒక్కో పుస్తకం వెల ఆమెకు ఒక రోజు కూలి. ఇలాంటి మనిషి కోసమే కదా మనందరి దగ్గరా రూపాయికి 8 పైసలు తీసుకునేది! ఊరందరి దగ్గరా చందా పట్టి బావి తవ్వించి, దాని మీద బండ పెట్టి, దప్పికైతే సీసా నీళ్లు కొనుక్కోమని చెప్పినట్టుంది.

సాహిత్యకారులం, పాఠకులం అనుకునే మన సంగతీ మాట్లాడాలి. పుస్తకావిష్కరణ సభలు చూస్తున్నాం. శాలువాలు, జ్ఞాపికలు, అట్టడుగు జీవితాల మీద గంట గంట ఉపన్యాసాలు. సభ అయ్యాక ఆ పుస్తకం ఆ హాల్లో ఉన్న వాళ్ల ఇళ్లకే పోతుంది. ఎవరి బతుకు గురించి రాశారో వాళ్ల వాడకు ఒక్క కాపీ పోదు. గ్రంథాలయాలకు పుస్తకాల కొనుగోలు ఏళ్ల తరబడి సరిగా జరగడం లేదని ప్రచురణకర్తలు మొత్తుకుంటుంటే, పక్కన నిలబడి గొంతు కలిపిన రచయితలు ఎంతమంది? అవార్డు రాకపోతే పత్రికకెక్కే మనం బీరువా తాళం గురించి ఒక్క వినతిపత్రం ఇవ్వలేదు. 'నిర్జన వారధి' చదివి కన్నీళ్లు పెట్టుకున్నామని చెప్పుకుంటాం. మన ఇంట్లో అంట్లు తోమే ఆమె కూతురు ఏ తరగతిలో బడి మానేసిందో అడగం. పోరాడిన వాళ్లు తమ బతుకును విప్పి రాసింది మన కళ్లు తడపడానికా?

బడుల్లోనూ ఇదే తీరు. ఒక గురుకులంలో తొమ్మిదో తరగతి పిల్ల 'మా నాయన బాలయ్య' చదివి వాళ్ల సార్‌ను అడిగిందట: "సార్, మా తాత గూడ రైల్వేలనే గ్యాంగ్‌మన్ చేసిండు. ఆయన గురించి గూడ గిట్ల పుస్తకం రాయొచ్చా?" ఆ సార్ నా స్నేహితుడు, కళ్లు మెరుస్తుండగా చెప్పాడు. ఆ పుస్తకం ఆయన జేబు డబ్బుతో కొన్నది. పై అధికారి తనిఖీకి వచ్చి, సిలబస్‌లో లేనివి పిల్లల చేతికిచ్చి టైము పాడుచేస్తున్నావని మందలించి వెళ్లాడు. తాత గురించి రాయాలనుకున్న పిల్లకు ఆ అధికారి చేసిన మేలు ఇది.

నవంబరు 14 వస్తుంది. 20వ తేదీదాకా గ్రంథాలయ వారోత్సవాలు. మంత్రులొస్తారు, కమిషనర్లొస్తారు, పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు. పుస్తకం హస్తభూషణమని పాత మాటే మళ్లీ చెబుతారు. అయ్యా, ఈసారి వేదిక ఎక్కేముందు గ్రంథాలయం గోడకున్న నల్లబోర్డు మీద మూడు అంకెలు రాయండి. ఈ ఏడాది మా ఊళ్లో గ్రంథాలయ సెస్సు కింద వసూలైంది ఎంత, జమ చేసింది ఎంత, మీ దగ్గర ఆగిపోయింది ఎంత. దాని కింద, ఈ ఏడాది కొన్న కొత్త పుస్తకాల పేర్లు రాయండి. ఒక్కటీ లేకపోతే లేదనే రాయండి. ఆ బోర్డు ఖాళీగా ఉన్నంతకాలం మీ దండలూ దీపాలూ మాకొద్దు.

అడగకుండా వాళ్లు రాయరు. సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టడానికి ఫీజు 10 రూపాయలు, జవాబు ఇవ్వాల్సిన గడువు 30 రోజులు. నేను పెట్టాను. గడువు దాటింది, జవాబు రాలేదు, అప్పీలుకు వెళ్తున్నాను. ఇంటి పన్ను రసీదు జిరాక్సు జత చేసి మీరూ మీ ఊళ్లో పెట్టండి.