శిష్యుడి ఇల్లు మ్యూజియం, మరి గురువు ఇల్లు?

నైనిటాల్ కొండలు దిగితే కాలాఢుంగీ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ జిమ్ కార్బెట్ చలికాలపు బంగళా ఇప్పుడు మ్యూజియం. వెళ్లి చూసి వచ్చాను. ఆయన వాడిన సామాను, ఫోటోలు భద్రంగా ఉన్నాయి. ఆవరణలో ఆయన పెంచిన కుక్కలకూ సమాధులున్నాయి.

కార్బెట్ మీద నాకు కోపం లేదు. 1907లో చంపావత్ ఆడపులిని చంపి పల్లెలకు ప్రాణం పోసినవాడు. తర్వాత కెమెరా పట్టుకుని పులి బతకాలని చెప్పినవాడు. నా ప్రశ్న వేరు. చిన్నప్పుడు ఆయనకు అడవి నేర్పింది ఎవరు?

దగ్గరి చాందినీ చౌక్ అనే పల్లె పెద్ద, కున్వర్ సింగ్. అడవిలో భయం లేకుండా తిరగాలంటే ముందు చెట్టెక్కడం రావాలని నేర్పినవాడు. ఇది నా మాట కాదు. 1952లో వచ్చిన ‘మై ఇండియా’లో కార్బెట్టే ఆయన మీద ఒక అధ్యాయం రాశాడు.

కున్వర్ సింగ్ ఆదివాసి కాదు, ఠాకూరు. అయినా ఆయన కథ మన కథే. అడవి ఒకటే, విద్య ఒకటే. సర్కారు లెక్కలో గురువు దొంగవేటగాడు, శిష్యుడు ప్రకృతి శాస్త్రవేత్త. దేశంలో మొట్టమొదటి నేషనల్ పార్కుకు శిష్యుడి పేరు పెట్టారు. గురువు ఇల్లు ఎక్కడుందని అడిగేవాళ్లెందరు?

మన దగ్గరికే రండి. కడప లంకమల పొదల్లో ఉండే ఒక పక్షిని పుస్తకాలు ‘జెర్డాన్స్ కోర్సర్’ అంటాయి. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది, అదీ అక్కడి వేటగాళ్ల సాయంతోనే. జనం దాన్ని కలివికోడి అంటారు. పుస్తకంలోని పేరు ఒక తెల్ల డాక్టరును గుర్తుచేస్తుంది. జనం పెట్టిన పేరు ఆ పిట్ట బతికే కలివి పొదను చూపిస్తుంది. ఇందులో ఏది శాస్త్రం? నల్లమలలో పులి అడుగు చూసి దాని దారి చెప్పే చెంచు పెద్దల పేర్లు మీరు ఏ పుస్తకంలో చదివారు?

తప్పంతా బయటివాళ్లదే అంటే కుదరదు. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో పిల్లవాడు చెబితే, ‘అది సరే, పాఠం తియ్యి’ అనే టీచర్లం మనమే. తాతకు చదువు రాదని సిగ్గుపడే యువకులం మనమే.

జీవవైవిధ్యం గురించి మనకున్న సంప్రదాయ జ్ఞానం మన సమష్టి హక్కు అని 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. పంచాయతీకి వెళ్లి అడగండి: ఆ రిజిస్టర్ ఏది? అందులోని సంగతులు ఎవరు చెప్పారు? వాళ్ల పేర్లున్నాయా?

మనకు బంగళాలు లేవు. బడిలో ఒక గోడ, ఒక నోటుపుస్తకం చాలు. చెట్టు పేరు మన భాషలో రాయండి. దాని పక్కనే, ఆ చెట్టు గురించి చెప్పిన అవ్వ పేరు రాయండి. కార్బెట్ తన గురువు పేరు రాశాడు. మన గురువుల పేర్లు మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?