చౌక మందుకు అడ్డుకట్ట

పాఠం చెబుతున్నా, బండి నడుపుతున్నా ఉన్నట్టుండి కునుకు ముంచుకొచ్చే జబ్బు నార్కోలెప్సీ. ఆ పగటి మత్తును అదుపులో ఉంచే మొడాఫినిల్ మాత్రకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1998లో అనుమతి ఇచ్చింది. సెఫలాన్ కంపెనీ దాన్ని ప్రొవిజిల్ పేరుతో అమ్మింది. మంచి బీమా ఉన్నవారు కొద్దిపాటి వాటా కట్టి ఇంటికి తెచ్చుకున్నారు. బీమా లేనివారి చేతికి మాత్రం నెలకు వందల డాలర్ల బిల్లు వచ్చింది.

ఇంత ధర ఎందుకని అడిగితే పరిశోధనకు అయిన ఖర్చని కంపెనీలు చెబుతాయి. ప్రొవిజిల్ విషయంలో ఆ జవాబు చెల్లదు. పోటీని అడ్డుకోవడానికి సెఫలాన్ చూపిన పేటెంట్ కొత్త మందు మీద కాదు, మందు పొడిలోని రేణువుల పరిమాణం మీద! దాన్ని సవాలు చేసిన నాలుగు జనరిక్ కంపెనీలు టెవా, రాన్‌బాక్సీ, మైలాన్, బార్. 2005 చివర, 2006 మొదట్లో సెఫలాన్ వాటితో రాజీ కుదుర్చుకుంది. 20 కోట్ల డాలర్లకు పైగా ముట్టజెప్పింది. ప్రతిఫలంగా అవి 2012 దాకా చౌక మాత్రను బజారులోకి తేకుండా ఆగాయి. ఆ పేటెంటే చెల్లదని, కీలక సమాచారం దాచి దాన్ని పొందారని ఫెడరల్ కోర్టు 2011లో తేల్చింది. అమెరికా ఫెడరల్ వాణిజ్య కమిషన్ సెఫలాన్‌పై 2008లో వేసిన కేసు 2015లో 120 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అప్పటికి సెఫలాన్‌ను టెవాయే కొనేసింది.

ఆరేళ్ల ఆలస్యం అందరినీ ఒకేలా బాధించలేదు. బీమా సంస్థలు కంపెనీలతో బేరమాడి రాయితీ తెచ్చుకుంటాయి. బీమా లేని రోగికి బేరమాడే బలం లేదు, అచ్చయిన ధరే కట్టాలి. 2023లో కూడా అమెరికాలో రెండున్నర కోట్ల మందికి పైగా బీమా లేదు. బీమా ఉన్నా నాసిరకమైతే ఏటా మొదటి కొన్ని వేల డాలర్లు సొంత జేబులోంచే పెట్టాలి. ఆపైన డాక్టర్ చీటీ చాలదు, బీమా సంస్థ ముందస్తు అనుమతి కావాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల నీరసానికి కొందరు వైద్యులు ఇదే మాత్ర రాస్తే, అది ఆమోదించిన వాడకం కాదని తిప్పిపంపే బీమా సంస్థలున్నాయి. ఒంట్లో సత్తువ లేని మనిషినే ఫోన్ల చుట్టూ, ఫారాల చుట్టూ తిప్పడం క్రూరత్వం.

చౌక మందును ఆపడానికి పోటీ కంపెనీలకు ఇచ్చే ఇలాంటి చెల్లింపులను పోటీ చట్టం కింద ప్రశ్నించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కానీ పూర్తిగా నిషేధించలేదు. కాలిఫోర్నియా 2019లో సొంత చట్టం చేసుకుంది. దేశమంతటికీ వర్తించే నిషేధం అమెరికా కాంగ్రెస్ బాధ్యత. జరిమానాలు ఏళ్ల తర్వాత వస్తాయి, రోగి మాత్ర ఈ రాత్రికే అయిపోతుంది.

అది అమెరికా గొడవ అని మనం చేతులు దులుపుకోలేం. డబ్బు పుచ్చుకుని పక్కకు తప్పుకున్న నలుగురిలో మన రాన్‌బాక్సీ కూడా ఉంది. మందుల మీద ఉత్పత్తి పేటెంట్లు వద్దన్న 1970 పేటెంట్ల చట్టం నీడలోనే మన జనరిక్ పరిశ్రమ ఎదిగింది, హైదరాబాద్ మందుల నగరమైంది. 2005లో ఆ పేటెంట్లు తిరిగొచ్చినా, పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త గుత్తాధిపత్యం అడగకుండా ఆ చట్టంలోని సెక్షన్ 3(డి) కాపు కాస్తోంది. 2013లో నొవార్టిస్ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో మన సుప్రీంకోర్టు నిలబెట్టింది ఆ సెక్షన్‌నే. రేణువుల పరిమాణం చూపి ధర పెంచే ఎత్తుగడకు అదే విరుగుడు.

అందుకే ఏ వాణిజ్య ఒప్పందం బల్ల మీదా కేంద్రం 3(డి)ని బేరానికి పెట్టకూడదు. మందుల కంపెనీలు తమలో తాము చేసుకునే పేటెంటు రాజీలన్నీ కాంపిటీషన్ కమిషన్‌కు తప్పనిసరిగా తెలపాలని చట్టం చేయాలి. చౌక మందు తయారుచేయగలిగి కూడా డబ్బు తీసుకుని ఆపడం వ్యాపారం కాదు, రోగికి చేసిన ద్రోహం.